స్వదేశీ అంటే ఎవరిది? – పత్తి విత్తనం చెప్పే పాఠం

(వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు, సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మన ముందున్న విషయం వినగానే ఇది మన విషయం కాదనిపిస్తుంది. "విదేశీ కంపెనీల టెక్నాలజీ మీద ఆధారపడకుండా, దానికి ప్రత్యామ్నాయంగా మన ప్రభుత్వాలే దేశీయ టెక్నాలజీని పెంచాలా, వద్దా?" అన్నది ప్రశ్న. ఇది ఢిల్లీలో చల్లటి గదుల్లో కూచునే పెద్దమనుషుల చర్చ, పొద్దున లేచి కూలికి పోయే మాల మాదిగ పల్లెకు దీంతో ఏం పని అనుకుంటాం. మనం అట్లా అనుకోవాలనే వాళ్లూ కోరుకుంటారు. మనం నోరు తెరవనంత కాలం మన తరఫున వాళ్లే జవాబు చెప్తారు. ఆ జవాబు ఖరీదు మాత్రం మన కూలి డబ్బుల్లోంచి పోతుంది.

ఇప్పటిదాకా రెండు జవాబులు వినబడుతున్నాయి. 1991లో నూతన ఆర్థిక విధానం వచ్చినప్పటి నుంచీ ఒక వర్గం చెప్పేది: మంచి సరుకు ఎక్కడుంటే అక్కడ కొనుక్కోండి, ప్రభుత్వం అడ్డం రావద్దు. రెండో వర్గం చెప్పేది: విదేశీ వద్దు, అంతా స్వదేశీ కావాలి, ఆత్మనిర్భరం కావాలి. కొనడానికి చేతిలో పైసా లేనివాడి గతి ఏమిటో మొదటివాళ్లు చెప్పరు. ఈ దేశంలో ఊరు ఎవరిది, వాడ ఎవరిది అన్న సంగతి రెండోవాళ్లు ఎత్తరు.

మా మాట ముందే చెప్పేస్తున్నాం. దేశీయ టెక్నాలజీని ప్రభుత్వం తప్పకుండా పెంచాలి. ప్రభుత్వ డబ్బుతో, ప్రభుత్వ పరిశోధనతో, ప్రభుత్వ బాధ్యతతో పెంచాలి. కానీ పెట్టుబడి ప్రజలది అయినప్పుడు అందులో ఉద్యోగం, వాటా, అజమాయిషీ అట్టడుగు ప్రజలకు రావాలి. ఈ షరతు లేని స్వదేశీ వల్ల దొర పేరు మారుతుంది, దొరతనం మారదు. ఈ మాట ఉత్తినే అనడం లేదు. మనందరి చేతులూ పడ్డ పత్తి విత్తనాన్నే సాక్ష్యంగా పెట్టుకుని చెప్తాం.

యంత్రం మనకు శత్రువు కాదు

ముందు ఒక అపోహ తీసేసుకుందాం. కొత్త యంత్రం, కొత్త విత్తనం వస్తే దళితులు వద్దంటారని కొందరు అంటారు. అది అబద్ధం. గాంధీగారు రాట్నం పట్టుకుని యంత్ర నాగరికతను తిడుతుంటే బాబాసాహెబ్ అంబేద్కర్ ఒప్పుకోలేదు. 1945లో వచ్చిన 'కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్లకు చేసిందేమిటి' అనే పుస్తకంలో ఆయన వాదన ఏందంటే, తప్పు యంత్రానిది కాదు, యంత్రం ఇచ్చే ఫలితాన్ని కొద్దిమందే సొంతం చేసుకునే సమాజ ఏర్పాటుది. యంత్రం మనిషికి తీరికనిస్తుంది. తీరిక లేని మనిషికి చదువు ఎట్లా వస్తుంది, ఆలోచన ఎట్లా వస్తుంది? వెట్టి చేసిన జాతికి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆయన మాటలతో ఆగలేదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా ఉండి కరెంటు, సాగునీటి పథకాలకు పునాది వేశాడు. దామోదర్ లోయ పథకం వెనక ఆయన చెయ్యి ఉంది. 1947లో రాసిన 'రాష్ట్రాలు – మైనారిటీలు' అనే పత్రంలో కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతిలో ఉండాలన్నాడు. వ్యవసాయం కూడా ప్రభుత్వ పరిశ్రమ కావాలి, భూమిని కుల మత భేదం లేకుండా ఊరివాళ్లందరికీ సాగుకివ్వాలి, భూస్వామి ఉండకూడదు, కూలీ ఉండకూడదు అన్నాడు. ఆ సాగుకు నీళ్లు, పశువులు, పనిముట్లు, ఎరువు, విత్తనాలు ప్రభుత్వమే సమకూర్చాలన్నాడు. విత్తనం అన్న మాట ఆ పత్రంలోనే ఉంది, గుర్తు పెట్టుకోండి.

మన తాత ముత్తాతల అనుభవం కూడా ఇదే చెప్తుంది. మాలపల్లెల్లో ముతక బట్ట నేసిన మగ్గాలు మిల్లు బట్ట దెబ్బకు మూలన పడ్డాయి. ఆ మిల్లు మాంచెస్టర్‌దా, బొంబాయిదా అని మగ్గం పోయినవాడు అడగలేదు. మోటబావి మీదికి మోటారు వచ్చింది, మోట బొక్కెన కుట్టే మాదిగ చేతికి పని పోయింది. మోటారు రావడం తప్పు కాదు, ఎద్దుల గొంతు మీది కాడి దిగింది, మనిషి నడుము కొంత నిలబడింది. తప్పెక్కడంటే, మోటారు వచ్చిన తర్వాత కూడా బావి ఎవరిదో వాళ్లదే, చేను ఎవరిదో వాళ్లదే. పని పోయినవాడికి ఇంకో పని చూపించిన ప్రభుత్వం లేదు.

పత్తి చేలో ఏం జరిగింది

ఇప్పుడు పత్తి సంగతికి వద్దాం. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి చేలల్లో పురుగు పడింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. అప్పులు తీర్చలేక రైతులు ఆ మందే తాగి చచ్చిపోయారు. పోయినవాళ్లలో కౌలుదార్లు, చిన్న కమతాలవాళ్లు చాలామంది. ఆ భయం ఇంకా ఆరకముందే కొత్త విత్తనం వచ్చింది.

2002 మార్చిలో కేంద్రం బిటి పత్తికి అనుమతినిచ్చింది. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును పత్తి మొక్కలో పెడితే, ఆ మొక్కను తిన్న కాయతొలుచు పురుగు చస్తుంది. ఆలోచన మంచిదే. కానీ ఆ జన్యువు అమెరికాకు చెందిన మోన్‌శాంటో కంపెనీది. మన దేశపు మహికో కంపెనీతో కలిసి అది ఇక్కడ ఇంకో కంపెనీ పెట్టింది. తన జన్యువును దేశంలోని విత్తన కంపెనీలకు ఇచ్చి, ప్యాకెట్టుకు ఇంత అని రాయల్టీ వసూలు చేసింది. మొదట వచ్చిన మూడు హైబ్రిడ్లు మన రాష్ట్రంలో సరిగ్గా నిలబడలేదు, 2005లో వాటిని ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకూడదని కేంద్ర కమిటీ ఆపేసింది. అయినా అదే జన్యువు వేరే వేరే పేర్లతో, వేరే వేరే కంపెనీల బొమ్మల ప్యాకెట్లలో వచ్చింది. షాపులో నలభై పేర్లు కనబడతాయి, లోపలున్న జన్యువు మాత్రం ఒక్కరిదే. దీన్నే గుత్తాధిపత్యం అంటారు.

మొదటి ఏళ్లలో కాయతొలుచు పురుగు మందుల ఖర్చు తగ్గింది, దిగుబడి కూడా పెరిగింది. అది దాచిపెట్టి మాట్లాడితే చేలో పనిచేసిన మనమే నవ్వుకుంటాం. ప్రశ్న ధర దగ్గర మొదలైంది. ఎకరానికి పోసే 450 గ్రాముల ప్యాకెట్ 1,600 నుంచి 1,850 రూపాయలు. అందులో జన్యువు ఫీజే 1,250 రూపాయల దాకా. కౌలుదారుకు బ్యాంకు అప్పివ్వదు, ఎందుకంటే పాసుపుస్తకం అతని పేరు మీద ఉండదు. విత్తనం షాపు షావుకారే అప్పిస్తాడు, వడ్డీ వేస్తాడు, పత్తి మళ్లీ ఆయనకే తూకం వెయ్యాలి.

రైతు సంఘాలు గట్టిగా అడిగితే 2006 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్ ముందు కేసు వేసింది. 2006 మే నెలలో కమిషన్ ఆ రాయల్టీ న్యాయం కాదంది. ప్రభుత్వం ప్యాకెట్ ధరను 750 రూపాయలకు దించింది. 2007లో పత్తి విత్తనాల ధరలు నిర్ణయించే అధికారం తన చేతికి వచ్చేట్టు చట్టమే చేసింది. ఇక్కడ ఒక లెక్క కట్టండి. 1,850లోంచి 750 తీసేస్తే 1,100. ఎకరానికి 1,100 రూపాయలు కంపెనీ జేబులోకి పోకుండా ఆగాయి. ప్రభుత్వం తలుచుకుంటే ఎంత పెద్ద విదేశీ కంపెనీనైనా వంచవచ్చని మన రాష్ట్రమే చూపించింది. "ప్రభుత్వం అడ్డం రావద్దు" అనేవాళ్లకు ఇదే జవాబు.

కానీ ధర దించడం వేరు, ప్రత్యామ్నాయం తేవడం వేరు. ప్యాకెట్ చవకైంది, లోపల జన్యువు మాత్రం మారలేదు.

చైనా చేసింది, మనం చెయ్యనిది

ప్రత్యామ్నాయం సాధ్యమా? సాధ్యమే. చైనా చేసి చూపించింది. 1997లో మోన్‌శాంటో పత్తి చైనాలోకి పోయింది. అదే ఏడాది చైనా వ్యవసాయ పరిశోధన సంస్థ సొంతంగా తయారుచేసిన బిటి పత్తి కూడా పొలాల్లోకి వచ్చింది. ప్రభుత్వ శాస్త్రజ్ఞులు ప్రభుత్వ డబ్బుతో చేసిన పని అది. పదేళ్లు తిరిగేసరికి అక్కడి పత్తి చేలల్లో ఎక్కువ భాగం సొంత విత్తనమే. ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. అక్కడ బిటి ఎక్కువగా మామూలు రకాల్లో వచ్చింది. అంటే రైతు తన పంటలోంచి విత్తనం తీసి దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు.

మన దేశంలో కంపెనీలు బిటిని హైబ్రిడ్లలోనే పెట్టాయి. హైబ్రిడ్ గింజను దాచి మళ్లీ వేస్తే మొదటి ఏడు వచ్చినట్టు పంట రాదు. ఏటా షాపుకు పోవాల్సిందే. రైతు చేతికి తాళం వెయ్యాలంటే పేటెంటు కాగితం కూడా అవసరం లేదు, హైబ్రిడ్ చాలు. నిజానికి మొదటి బిటి జన్యువు మీద మోన్‌శాంటోకు మన దేశంలో పేటెంటే లేదు. ప్రభుత్వ పరిశోధనా కేంద్రాలు దాన్ని మామూలు రకాల్లోకి తెచ్చి పేద రైతుకు చవకగా ఇవ్వడానికి చట్టం అడ్డం లేదు. నంద్యాల పరిశోధనా కేంద్రం 'నరసింహ' లాంటి మంచి రకాన్ని ఇచ్చిన చరిత్ర మనకుంది. చేతకాక కాదు, చెయ్యలేదు.

ఒక్కసారి చేశారు. ఎట్లా చేశారో వినండి. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధనా సంస్థ, ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి 'బికనేరి నర్మ' అనే రకంలో బిటి తెచ్చామన్నారు. 2008లో అనుమతి, 2009లో రైతులకు విత్తనం. దేశపు మొదటి స్వదేశీ బిటి అని పొగిడారు. చవక, దాచుకుని వేసుకునే విత్తనం. ఏడాది తిరగకముందే అమ్మకం ఆగిపోయింది. కారణం, అందులో మోన్‌శాంటో జన్యువే ఉందని బయటపడింది. తర్వాత వేసిన సోపోరి కమిటీ కూడా ఆ సంగతే తేల్చింది. జన్యువు అందులోకి ఎట్లా చేరిందన్న వాదన పెద్దవాళ్లు చేసుకోనివ్వండి. మనకు కావాల్సిన సంగతి ఒక్కటే. పేద రైతు గింజ దాచుకోగలిగే దారి ఒక్కటి తెరుచుకుంది, బాధ్యత లేని పనితో ఆ దారి మూసుకుపోయింది. మళ్లీ ప్రభుత్వ సంస్థల నుంచి బిటి రకాలు రావడానికి 2016 దాటింది. ఆ లోపల దేశంలోని పత్తి భూమిలో నూటికి తొంభై పాళ్లు కంపెనీ హైబ్రిడ్లతో నిండిపోయింది.

ఈలోగా గులాబీరంగు పురుగు ఆ విత్తనానికి అలవాటు పడిపోయింది. 2015 నుంచీ గుజరాత్, మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలల్లో కాయలు తొలిచేసింది. మన హైబ్రిడ్లు చేలో చాలా కాలం ఉండే పంట, పురుగుకు అంత కాలం తిండి. తక్కువ కాలపు మామూలు రకాలుంటే పురుగు ఉధృతి పెరిగేలోపే పత్తి ఇంటికి చేరేది. మళ్లీ మందుల డబ్బాలు వీపుకెక్కాయి. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మంది దాకా విషం తలకెక్కి చనిపోయారు. డబ్బా మోసేది ఎవరు? చేను ఆసామి గట్టు మీద ఉంటాడు, డబ్బా కూలి మనిషి వీపు మీద ఉంటుంది. ప్రభుత్వ పరిశోధన పండుకుంటే చచ్చేది కూలివాడని దీన్నిబట్టే తెలుస్తుంది. అందుకే మేం ప్రభుత్వం తప్పకుండా పూనుకోవాలని అంటున్నాం.

స్వదేశీ చేలో మన ఆడపిల్లలు

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. స్వదేశీ అనగానే చప్పట్లు కొట్టేవాళ్లకు ఈ ముక్క చెప్పండి.

పత్తిలో హైబ్రిడ్ విత్తనం అనేది అమెరికావాడు తెచ్చింది కాదు. 1970లో గుజరాత్‌లోని సూరత్ ప్రభుత్వ పరిశోధనా కేంద్రం నుంచి హెచ్-4 అనే మొదటి హైబ్రిడ్ పత్తి వచ్చింది. ప్రపంచంలోనే మొదటిదని దేశం గర్వపడింది. స్వదేశీ టెక్నాలజీ అంటే అసలైన స్వదేశీ టెక్నాలజీ అదే. మరి ఆ విత్తనం తయారయ్యేది ఎట్లా? సాయంత్రం పూట ఒక్కొక్క మొగ్గనూ గోటితో వలిచి మగ కేసరాలు తీసెయ్యాలి. తెల్లారి వేరే మొక్క పూల పుప్పొడి తెచ్చి ఒక్కొక్క పువ్వుకూ రుద్దాలి. దీన్ని మన దగ్గర క్రాసింగ్ పని అంటారు. ఎకరంలో వేలకు వేల పూలు. రెండు మూడు నెలలు రోజూ ఇదే పని. యంత్రం లేదు, మనిషి వేలే యంత్రం. ఆ వేలు చిన్నదైతే పువ్వు నలగదని, కూలి తక్కువని, ఎదురు చెప్పదని ఆడపిల్లల్ని పెట్టారు.

కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, గద్వాల నడిగడ్డలో ఈ సంగతి తెలియని ఇల్లు మనవాడల్లో ఉందా? పంట మొదలు కాకముందే సీడ్ ఆర్గనైజరు, ఆసామి వచ్చి తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇస్తారు. అప్పు చెల్లేదాకా పిల్ల చేలోనే. ఎనిమిదేళ్ల పిల్లలు, పదేళ్ల పిల్లలు, ఎక్కువమంది మాల మాదిగ, వెనుకబడిన కులాల పిల్లలు. మందు కొట్టిన చేలోనే వంగి పనిచేశారు. తలనొప్పి, వాంతులు, ఒంటి మీద దద్దుర్లు. మేం బడిపంతులం, హాజరు పట్టీ మాకు ఈ చరిత్ర చెప్తుంది. ఆగస్టు నుంచి పట్టీలో ఆడపిల్లల పేర్ల ఎదురుగా సున్నాలు మొదలయ్యేవి. సంక్రాంతి తర్వాత కొందరు తిరిగొచ్చేవాళ్లు, కొందరు అసలే వచ్చేవాళ్లు కాదు.

ఆ పిల్లలు క్రాసింగ్ చేసిన విత్తనం కొన్నది ఎవరు? హైదరాబాద్ కంపెనీలూ కొన్నాయి, విదేశీ కంపెనీలూ కొన్నాయి. పిల్లల గోళ్లు అరిగిపోయేటప్పుడు ప్యాకెట్ మీద ఏ దేశం బొమ్మ ఉందో ఎవరికి కావాలి? పరిశోధకులు, సంఘాలు ఈ సంగతి బయటపెట్టి, విదేశాల్లో కొనేవాళ్లు నిలదీస్తే అప్పుడు కంపెనీలు కదిలాయి. అప్పటిదాకా స్వదేశీ కంపెనీకి కూడా స్వదేశీ పిల్ల కనబడలేదు.

కాబట్టి టెక్నాలజీ ఎక్కడ పుట్టిందన్నది ఒక్కటే ప్రశ్న కాదు. దాన్ని నడిపించే చేతులు ఎవరివి, ఆ చేతులకు ఏం ముడుతోంది, అది వచ్చాక ఎవరి పని పోతోంది అన్నవి మన ప్రశ్నలు. ఇంకో ఉదాహరణ చెప్తాం. కలుపు మందు కొట్టినా చావని పత్తి విత్తనాన్ని అనుమతి లేకుండా మన రెండు రాష్ట్రాల్లో దొంగచాటుగా అమ్మారని 2017 నుంచీ గోల జరిగింది. అది అక్రమం అని అందరూ మాట్లాడారు. ఆ విత్తనం వస్తే కలుపు కూలి పోయేది ఎవరికి? మన అక్కలకు, అమ్మలకు. రేపు అదే విత్తనాన్ని స్వదేశీ పేరుతో సక్రమంగా తెచ్చినా ఆ కూలి తిరిగి రాదు. నడుము విరిగే కలుపు పని శాశ్వతంగా ఉండాలని మేం కోరడం లేదు. అది పోయేటప్పుడు దాని బదులు ఏమిస్తారో ముందే చెప్పాలని అడుగుతున్నాం.

మందుబిళ్ల, ఫోను, చిప్పు

పత్తి ఒక్కటే కాదు, మిగతా చోట్లా ఇదే తీరు.

మందుల సంగతి చూడండి. 1970లో పేటెంట్ చట్టం మార్చి, మందు తయారుచేసే పద్ధతికే తప్ప మందుకు పేటెంటు ఇవ్వమంది ప్రభుత్వం. హైదరాబాద్‌లో ఐడీపీఎల్ లాంటి ప్రభుత్వ కర్మాగారం పెట్టింది. అక్కడ పని నేర్చినవాళ్లే తర్వాత సొంత మందుల కంపెనీలు పెట్టారు. ఆ పునాది మీదే 2001లో సిప్లా కంపెనీ, ఎయిడ్స్ మందులను రోజుకు ఒక డాలరు కంటే తక్కువకు ఇస్తానని ప్రపంచానికి చెప్పగలిగింది. అప్పటికి విదేశీ కంపెనీలు ఏడాదికి పదివేల డాలర్లు అడుగుతున్నాయి. ఆఫ్రికాలో నల్లజాతి పేదలు బతికారంటే అందులో మన ప్రభుత్వ విధానానికి వాటా ఉంది. ఇది మనం గర్వంగా చెప్పుకోవాలి.

కానీ కథ అక్కడ ఆగలేదు. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో కామెర్ల టీకాను, హెపటైటిస్-బి టీకాను చవకగా తెచ్చింది. 2009లో ఆ కంపెనీని ఫ్రాన్సు కంపెనీ సనోఫీ కొనేసింది. ఐడీపీఎల్ నష్టాల్లో మూలన పడింది. ప్రభుత్వ కర్మాగారంలో మనకు రిజర్వేషను ఉండేది, అందులోంచి పుట్టిన ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషను లేదు. మందు దేశమంతా పోయింది, పటాన్‌చెరు ఊళ్ల వాగులకు, చెరువులకు మాత్రం ఆ కర్మాగారాల విషం మిగిలింది.

చేతిలో ఫోను చూడండి. వీసా, మాస్టర్‌కార్డ్ అనే అమెరికా కంపెనీల దారి బలంగా ఉన్న చోట 2016లో యూపీఐ వచ్చింది. బ్యాంకులు కలిసి పెట్టిన దేశీయ సంస్థ దాన్ని నడిపిస్తోంది. కూరగాయలమ్మే అక్క బండి మీద కూడా ఆ చతురస్రం బొమ్మ ఉంది. మంచి పని. విదేశీ దారిని నమ్ముకుంటే ఏమవుతుందో 2022లో రష్యా చూసింది, ఆ కార్డు కంపెనీలు ఒక్కసారిగా వెళ్లిపోయాయి. 2025 జూలైలో గుజరాత్‌లోని నయారా చమురు కంపెనీకి మైక్రోసాఫ్ట్ ఉన్నట్టుండి సేవలు ఆపేస్తే ఆ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు పోవాల్సి వచ్చింది, తర్వాతే సేవలు తిరిగొచ్చాయి. కాబట్టి సొంత దారి ఉండాలి. అయితే యూపీఐ అనే ఆ దారి మీద ఇప్పుడు నడుస్తున్న బండ్లు ఎవరివి? నూటికి ఎనభై దాకా లావాదేవీలు ఫోన్‌పే, గూగుల్‌పేల ద్వారానే. ఒకటి అమెరికా వాల్‌మార్ట్ చేతిలో ఉంది, రెండోది గూగుల్‌ది. 2016 డిసెంబరులో ప్రభుత్వం సొంత యాప్ తెచ్చి, బాబాసాహెబ్ పేరు మీద అని చెప్పి 'భీమ్' అని పేరు పెట్టింది. దాని వాటా లెక్కకు రానంత కొద్ది. పేరు మనది పెట్టి దారి వాళ్లకు ఇచ్చారు.

చిప్పుల సంగతి ఇంకా విచిత్రం. 2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల రూపాయలతో చిప్పుల పథకం ప్రకటించింది. గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ అనే కంపెనీ పెట్టే కర్మాగారం ఖర్చులో సగం కేంద్రం, ఇరవై శాతం రాష్ట్రం భరిస్తున్నాయి. మైక్రాన్ అమెరికా కంపెనీ. నూటికి డెబ్భై రూపాయలు ప్రజలవి, యాజమాన్యం వాళ్లది. ఆ డెబ్భైలో మనం సబ్బు మీద, చెప్పుల మీద కట్టిన పన్నులున్నాయి. ఆ కర్మాగారంలో ఎస్సీ, ఎస్టీలకు ఇన్ని ఉద్యోగాలివ్వాలని రిజర్వేషను చట్టం ఏదీ లేదు. స్వదేశీ అంటే ఇదేనా అని అడిగే హక్కు పన్ను కట్టిన ప్రతివాడికీ ఉంది.

ఇక చివరి ముక్క. 2023 ఆగస్టు 23న మన దేశం సొంత టెక్నాలజీతో చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగింది. మనమూ సంతోషించాం. ఆ దేశంలోనే మన అన్నదమ్ములు మ్యాన్‌హోల్‌లో దిగి ఊపిరాడక చస్తున్నారు. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినా చావులు ఆగలేదు. 2017లో హైదరాబాద్ జలమండలి ఇరుకు సందుల్లోకి పోయే 70 చిన్న యంత్రాలు తెప్పించి, వాటి యాజమాన్యం ఆ పని చేసే దళిత కుటుంబాల వాళ్లకే వచ్చేట్టు చేసింది. చూడండి, మురుగులో దిగిన మనిషి ఆ యంత్రానికి యజమాని అయ్యాడు. మేం అడిగే స్వదేశీ ఇట్లాంటిది. అది 70 యంత్రాల దగ్గర ఎందుకు ఆగాలి? దేశంలో ప్రతి మునిసిపాలిటీకీ ఎందుకు పోకూడదు?

మనం అడగాల్సినవి

కార్యకర్తలారా, ఈ మాటలు రాసుకోండి. ఊరూరా చెప్పండి.

1. విత్తనం మీద ప్రభుత్వ పరిశోధన ఆగకూడదు. వ్యవసాయ పరిశోధనా కేంద్రాల్లో ఖాళీలు నింపాలి. రైతు దాచుకుని మళ్లీ వేసుకోగలిగే, తక్కువ కాలంలో చేతికొచ్చే పత్తి రకాలు కౌలుదార్లకు కూడా పాసుపుస్తకం అడక్కుండా అందాలి. విత్తనం దాచుకునే, మార్చుకునే హక్కు 2001 చట్టంలో రైతుకుంది. ఆ హక్కు పనికిరావాలంటే దాచుకోగలిగే విత్తనం ఉండాలి.

2. ప్రజల డబ్బు ఎక్కడికి పోతే రిజర్వేషను అక్కడికి పోవాలి. ప్రభుత్వ రాయితీ, భూమి, ప్రోత్సాహకం తీసుకునే కంపెనీ స్వదేశీదైనా విదేశీదైనా ఉద్యోగాల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీలకు వాటా ఇవ్వాలి.

3. ప్రజల డబ్బుతో పెరిగిన టెక్నాలజీని ప్రభుత్వానికి చెప్పకుండా విదేశీ కంపెనీకి అమ్మకూడదు. అమ్మితే పెట్టిన డబ్బు తిరిగి కట్టాలి.

4. కొత్త యంత్రం, కొత్త విత్తనం వల్ల కూలి పోయేవాళ్లు ఎవరో ముందే లెక్క తియ్యాలి. ఆ యంత్రం యాజమాన్యంలో వాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్ల సంఘాలకు మొదటి హక్కు ఉండాలి.

5. విత్తన చేలల్లో పిల్లలు కనబడితే ఆసామి ఒక్కడి మీదే కాదు, విత్తనం కొనే కంపెనీ మీద కూడా కేసు పెట్టాలి. పెద్దవాళ్లకు కనీస వేతనం వచ్చేట్టు కొనుగోలు ధర కంపెనీ ఇవ్వాలి.

6. ప్రభుత్వం తెచ్చే ఏ టెక్నాలజీ అయినా తెలుగులో, చదువు రానివాళ్లు కూడా వాడుకునేట్టు ఉండాలి. వేలిముద్ర పడలేదని రేషను ఆపే టెక్నాలజీ స్వదేశీదైనా మనకు అక్కర్లేదు.

7. ఈ నిర్ణయాలు చేసే కమిటీల్లో కూలీల, కౌలుదార్ల, దళిత సంఘాల ప్రతినిధులు ఉండాలి.

ఇవి ఢిల్లీకి రాసే అర్జీలు మాత్రమే కాదు. ఈ ఖరీఫ్‌లోనే మొదలుపెట్టగల పనులున్నాయి. విత్తనం కొన్న ప్రతివాళ్లూ బిల్లు అడగండి, బిల్లు దాచండి, బిల్లు లేకపోతే పంట పోయినప్పుడు నష్టపరిహారం అడగడానికి ఆధారం ఉండదు. మన మండలానికి ప్రభుత్వ రకాల విత్తనం ఎంత వచ్చింది, ఎవరికి ఇచ్చారు అని 2005 సమాచార హక్కు చట్టం కింద వ్యవసాయాధికారికి దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలకు మించదు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అది కూడా లేదు. క్రాసింగ్ పని మొదలయ్యే ముందే, అడ్వాన్సు చేతులు మారకముందే, వాడలో కూచుని మన పిల్లల్ని పంపమని తీర్మానం చెయ్యండి. బడిపంతుళ్లం మేం హాజరు పట్టీ పట్టుకుని మీతో వస్తాం.

బయటి కంపెనీ మెడ మీద కూచుంటే దించాలి. దించిన చోట ఇంటి దొర ఎక్కి కూచుంటానంటే ఒప్పుకోకూడదు. 1947లో బాబాసాహెబ్ అడిగింది ఇదే. విత్తనం ప్రభుత్వం ఇవ్వాలి, భూమి అందరిదీ కావాలి, ఊళ్లో దొర ఉండకూడదు, కూలీ ఉండకూడదు. విత్తనం సంగతి సగం మాట్లాడుతున్నారు, భూమి సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఆ రెండో మాట ఎత్తాల్సింది మనమే.

విత్తనం మీద హక్కు కావాలి! భూమి మీద హక్కు కావాలి!
ప్రజల డబ్బుతో పెరిగిన ప్రతి కర్మాగారంలో మన వాటా కావాలి!

జై భీమ్!